వాదనకు దిగేముందు: నల్లగొండ, పాలమూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో దస్తావేజులు రాసే పని నాది. సంతకాలు పడేలోపు రెండు పక్షాలూ వాదించుకునేదంతా నా బల్ల ముందే. భూమి సంగతి తేలాక కూడా జనం లేవరు. ఇంట్లో గొడవ, హోటల్లో గొడవ, నీళ్ళ గొడవ చెప్పి "ఇప్పుడు నేనేమనాలె?" అని అడుగుతారు. ఎక్కువమంది అడిగినవి ఇక్కడ పెట్టాను.

ఎంత వివరంగా చెప్పినా ఎదుటివాడి బుర్రకెందుకు ఎక్కదు?

చాలాసార్లు ఎక్కుతుంది. మీ ముందు ఒప్పుకోడు, అంతే. పక్కన నలుగురుండగా "అవును, నాదే తప్పు" అంటే ఇజ్జత్ పోతుందని భయం. వారం తిరిగేసరికి అదే మనిషి మీ మాటనే తన మాటగా ఇంకొకరికి చెబుతుంటాడు. అప్పుడు "అది నేను చెప్పిందే కదా" అని మధ్యలో దూరకండి. పని అయింది, దానికి రసీదు అడగొద్దు.

నిజంగానే ఎక్కని సందర్భాలూ ఉంటాయి. ఇంగ్లండ్‌లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ఒక ప్రయోగాన్ని ప్రచురించాడు. 2, 4, 6 అని మూడు అంకెలిచ్చి, వీటి వెనక ఒక నియమం ఉంది, మీకు తోచిన మూడేసి అంకెలు చెబుతూ పోండి, సరిపోయిందో లేదో నేను చెబుతాను, నియమమేంటో కనిపెట్టండి అన్నాడు. రెండేసి పెరుగుతున్నాయనుకున్నవాళ్ళు 8, 10, 12 అన్నారు. సరిపోయింది. 20, 22, 24 అన్నారు. అదీ సరిపోయింది. ఇంకేముంది, ధీమాగా తేల్చేశారు. తీరా చూస్తే నియమం అంతకంటే సులువు: వరసగా పెరిగే ఏ మూడు అంకెలైనా సరే. 1, 7, 50 అని ఒక్కసారి అడిగుంటే బయటపడేది. తన ఊహ తప్పని తేల్చే ప్రశ్న అడగాలని చాలామందికి తట్టనే లేదు. మనం పట్టిన కుందేటికి మూడే కాళ్ళయ్యేది ఇలాగే. నాలుగో కాలు కోసం ఎవరూ వెతకరు. ఎదుటివాడే కాదు, మనమూ వెతకం.

అయితే వాదించడం శుద్ధ దండగేనా?

అక్కడికక్కడ మనసు మార్చెయ్యాలనుకుంటే చాలావరకు దండగే. సరదాకైతే కాదు. రెండు చాయ్‌లమీద గంటసేపు నడిచే వాదనలో ఎవరి మనసూ మారదు, మారాలని ఎవరికీ ఉండదు కూడా. ఒకడు సరదాకీ ఇంకొకడు సీరియస్‌గానూ వాదిస్తున్నప్పుడే తంటా. మీ ఎదురుగా ఉన్నవాడు ఏ రకమో మొదటి ఐదు నిమిషాల్లో చూసుకోండి.

ఏది వాదనతో తేలుతుంది, ఏది తేలదు?

అసలు నోటితో తేలేవి తక్కువ. చూసి తేల్చుకునేవి, కొలిచి తేల్చుకునేవి ఎక్కువ. వాటిని నోటినుంచి తప్పించి చేతికి అప్పజెప్పడమే తెలివి.

నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా. గర్భగుడిలో రోజంతా కదలకుండా నిలిచే నీడ. ఎదురుగా అడ్డం ఏ స్తంభమూ లేదు. అది ఏ స్తంభం నీడ అన్నదానిమీద మా ఊరి పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా ఎవరి లెక్క వాళ్ళది. ఎండ నేరుగా లోపలికి పడదు, వెలుతురు చుట్టుపక్కల నుంచి చెదిరి వస్తుంది, పక్కల ఉన్న స్తంభాల నీడలు ఒకటిగా కలుస్తాయి, అందుకే పొద్దుతోపాటు జరగదు అన్నది ఒక వివరణ. నమ్మకపోతే అరవక్కర్లేదు. ఒకరు స్తంభాల పక్కన నిలబడి అటూఇటూ జరగాలి, ఇంకొకరు లోపల నీడను చూస్తూ ఉండాలి. పది నిమిషాల పని. అయినా వాదించుకుంటూ బస్సెక్కి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి, వయసు అలా కాదు. ఏడు వందల ఏళ్ళంటారు. కాదు ఆరు వందలే అని ఎవరైనా అన్నారనుకోండి, దాని కింద కూర్చుని తేల్చే దారి మనకు లేదు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, చెదలు పోవడానికి సెలైన్ సీసాల్లో మందు కలిపి మానుకు ఎక్కించారు. చెట్టు బతకాలంటే ఏం చెయ్యాలన్నది పనికొచ్చే చర్చ. వయసుమీద చర్చ కాలక్షేపం. కాలక్షేపమని తెలిసి చేస్తే మాత్రం నాకు అభ్యంతరం లేదు.

గెట్టు పంచాయితీ నడుస్తోంది. పక్క పొలం మనిషి ఒక సాలు మావైపు జరిగాడు. మాటలతో తెగుతుందా?

తెగదు. నా బల్ల దగ్గర ఎక్కువ గొంతులు లేచేది ఈ ప్రశ్నమీదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు లెక్క. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, పొడుగూ వెడల్పూ 33 అడుగుల ముక్క. మీ గెట్టు పొడవు 330 అడుగులనుకుందాం. పక్కాయన అడుగు జరిగితే పోయింది 330 చదరపు అడుగులు. గుంటలో మూడో వంతు కూడా లేదు. ఈ లెక్క కాగితంమీద వేసి చూపించగానే కొందరు చల్లబడతారు. ఇంకొందరు "పైసల ముచ్చట కాదు సార్, వాడు నన్ను అడగకుండ జరిగిండు" అంటారు. అసలు సంగతి బయటపడేది అప్పుడే. అడగలేదన్న బాధకు సర్వేయర్ ఏం చెయ్యగలడు? దానికి పక్కాయన వచ్చి ఒక మాట అనాలి. ఆ రెండింటినీ విడదీస్తే సగం పని అయినట్టే.

అడుగే కదా అని ఊరుకోమని నేను చెప్పను. మీ భూమిని వేరేవాళ్ళు బాహాటంగా, తమదన్నట్టుగా 12 ఏళ్ళు అనుభవిస్తే ఆ తర్వాత తమదేనని కోర్టులో వాదించే వీలు చట్టంలో ఉంది. అడగాల్సింది అడగండి, కానీ గెట్టుమీద నిలబడి కాదు. చేతిలో గడ్డపార, పార ఉన్న చోట మాట మాట అనుకోవడం ఎవరికీ మంచిది కాదు.

హద్దుల సర్వేకు మీసేవలో దరఖాస్తు పెట్టండి. సర్వేయర్ చుట్టుపక్కల రైతులకు నోటీసిచ్చి, టిప్పన్ (ఆ సర్వే నంబరు పాత కొలతల పటం) చూసుకుని కొలుస్తాడు. ఆ రోజు పొలంలో జరిగేది చూడవలసిందే. గొలుసు లాగేవరకు ఇద్దరూ తాతల కాలం నుంచి మొదలుపెట్టి మాట్లాడతారు. ఇక్కడ వేపచెట్టుండేది, అక్కడ రాయి పాతి ఉండేది, ఎవరి నాయిన ఎవరికి ఎప్పుడు జొన్నలు అప్పిచ్చాడో కూడా వస్తుంది. గొలుసు చివర నేలకు ఆనగానే అందరూ వంగి చూస్తారు. మాటలుండవు. ఒక్కోసారి హద్దు రాయి ఇద్దరూ చూపించిన చోట కాకుండా మూడోచోట, కంపచెట్ల కింద మట్టిలో బయటపడుతుంది. అప్పుడు ఇద్దరూ కలిసి సర్వేయర్‌తో వాదిస్తారు. అదొక రకం రాజీ.

కేసు కోర్టుకెక్కి ఉంటే లోక్ అదాలత్ గురించి వకీలును అడగండి. 1987 నాటి చట్టం కింద వచ్చిన ఏర్పాటు, 1995 నవంబర్ నుంచి అమల్లో ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు రాస్తారు, దానికి సివిల్ కోర్టు డిక్రీకున్న విలువ ఉంటుంది, పైకి అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అక్కడ ఎవరు గెలిచారని ఎవరూ ప్రకటించరు. మొండివాళ్ళకు అదే పెద్ద ఊరట.

మొదలుపెట్టేముందు ఏం చూసుకోవాలి?

దీనికి నాకు తెలిసిన మంచి జవాబు వైద్యులకు రాసింది. ఆయుర్వేద గ్రంథం చరకుడి సంహితలో, విమానస్థానం అనే భాగం ఎనిమిదో అధ్యాయంలో, వైద్యుడు ఇంకో వైద్యుడితో ఎలా వాదించాలో ఉంది. కలిసి తెలుసుకునే చర్చ ఒకటి, పోరాటంగా సాగే చర్చ ఒకటి అని రెండుగా విడగొట్టాడు. కోపం లేనివాడు, తెలిసినవాడు, ఓపిగ్గా వినేవాడైతే మొదటి రకానికి దిగమన్నాడు. రెండోరకానికి దిగేముందు ఎదుటివాడి బలమెంతో, నీ బలమెంతో చూసుకోమన్నాడు. అంతకంటే ముఖ్యంగా చుట్టూ కూర్చున్న సభను చూసుకోమన్నాడు. తెలిసిన సభా, తెలియని సభా? నీవైపా, తటస్థమా, ఎదురా? ఎదురు సభలో ఎవరితోనూ వాదించవద్దని స్పష్టంగానే చెప్పాడు.

మన పెళ్ళిళ్ళలో జరిగేవి చూడండి. ఆడపెళ్ళివారి భోజనాల బంతిలో కూర్చుని మగపెళ్ళివారి బావ కట్నాలమీద ఉపన్యాసం మొదలుపెడతాడు. చెప్పేది సరైనదే. సభ మాత్రం చూసుకోలేదు.

వితండవాదం చేసేవాడితో ఏం చెయ్యాలి?

పాతకాలపు తర్కశాస్త్రమైన న్యాయదర్శనం (కోర్టు న్యాయం కాదు) వాదనను మూడు రకాలు చేసింది. నిజం తేల్చుకోవడానికి వాదం, గెలవడానికి జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడానికే వితండం. మూడోరకం వాడిని ఒక్కటే అడగండి: "సరే, నీ మాట ఏంది?" చెబితే చర్చ నడుస్తుంది. చెప్పకపోతే చాయ్ తాగి లేవండి. మన నాగార్జునసాగర్‌కు పేరైన బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడిని కూడా ఎదుటి పక్షాలవాళ్ళు వితండవాది అన్నారు. నాకంటూ ఒక ప్రతిపాదనే లేదు, కాబట్టి నాకు దోషం అంటదు అన్నాడాయన. ఆయన స్థాయి వేరు. మన బస్టాండులో కూర్చునేవాళ్ళకు ఆ వెసులుబాటు ఇవ్వనక్కర్లేదు.

ఎదుటివాడు నిజంగా ఆలోచనలో పడాలంటే ఏదైనా దారుందా?

ఒకటుంది. "ఎందుకు" అని అడగడం మానేసి "ఎట్లా" అని అడగండి. ఎందుకు అంటే కారణాలు పుట్టించుకుంటూ పోతాడు, ఒక్కో కారణంతో ఇంకాస్త గట్టిపడతాడు. ఎట్లా అంటే వివరంగా చెప్పాలి. అక్కడ తడబాటు వస్తుంది.

మిర్యాలగూడ రోడ్డుమీద ఒక హోటల్లో విన్నది ఇది:

"మన నీళ్ళన్నీ వాళ్ళే ఎత్తుకపోతున్రు."

"ఎట్లనే అన్నా? యాడికెల్లి పోతున్నయి?"

"పోతిరెడ్డిపాడు కాడికెల్లి."

"అది సాగర్ల ఉందా, శ్రీశైలంల ఉందా?"

"...సాగర్ల కావచ్చు."

"మరి మన ఎడమ కాలువకు ఎన్ని నీళ్ళు ఇస్తమన్నరు?"

పెద్దాయన గ్లాసు కింద పెట్టి "అదే కదా తెల్వాలె" అన్నాడు. ఓడిపోయినట్టు లేదు ముఖం. పోతిరెడ్డిపాడు శ్రీశైలం జలాశయంమీద ఉందని పక్క బల్లనుంచి ఇంకెవరో చెప్పారు. అక్కడినుంచి మాట అరుపులోంచి లెక్కలోకి మళ్ళింది. కృష్ణా నీళ్ళను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 811 టీఎంసీలు. 2015లో తాత్కాలికంగా చేసుకున్న సర్దుబాటులో తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ పంపకం న్యాయమా కాదా అన్నది పెద్ద వాదన, చెయ్యవలసిన వాదనే. కానీ అంకె తెలిశాక చేసే వాదన వేరుగా ఉంటుంది.

అమెరికాలో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు 2002లో దీన్నే ప్రయోగంగా ప్రచురించారు. జిప్పు ఎలా పనిచేస్తుందో మీకెంత తెలుసు అంటే అందరూ బాగానే తెలుసన్నారు. అయితే మెట్టు మెట్టుగా రాయండి అన్నారు. రాశాక మళ్ళీ అడిగితే, తమకు తెలిసింది తక్కువేనని తామే మార్కులు తగ్గించుకున్నారు. ఎవరూ వాళ్ళను ఓడించలేదు.

ఒక జాగ్రత్త. ఈ ప్రశ్న వెటకారంగా అడిగితే పనిచెయ్యదు, తన్నులు కూడా పడొచ్చు. పైగా తిరిగి మిమ్మల్నే అడుగుతారు. మీకు తెలుసో లేదో ముందే చూసుకోండి.

రుజువులు చూపిస్తే ఇంకా మొండికేస్తారంటారు కదా?

ఆ మాట 2010లో ఇద్దరు అమెరికా పరిశోధకుల వ్యాసంతో బాగా ప్రచారమైంది. తర్వాత ఇంకో ఇద్దరు పదివేలమందికి పైగా మనుషులతో 52 అంశాలమీద అదే పరీక్ష చేసి 2019లో ప్రచురించారు. అలా తిరగబడడం దాదాపుగా కనబడలేదు. రుజువు చూపిస్తే జనం కాస్తో కూస్తో ఆ సంగతి సరిదిద్దుకుంటారు. సంగతి సరిదిద్దుకున్నంత మాత్రాన అభిమానం మారదు, అది వేరే లెక్క. కాబట్టి కాగితం చూపించండి. చూపించి పక్కకు జరగండి, మీద పడకండి.

బోరు పాయింటు టెంకాయతోనే చూడాలంటాడు మా మామ. ఎదురు చెప్పలేను, ఒప్పుకోలేను. ఎట్లా?

టెంకాయమీద యుద్ధం ప్రకటించకండి. ఆయన అరచేతిలో టెంకాయ లేచి నిలబడడం ఆయన కళ్ళారా చూశాడు. మీరు కాదంటే ఆయన కళ్ళను కాదన్నట్టు.

పైగా పరీక్షలతో ముగిసే గొడవ కూడా కాదిది. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 88ల్లో ఒక కొట్టంలో కింది అంతస్తులో నీళ్ళ పైపు అటూఇటూ జరుపుతూ, పై అంతస్తులో పుల్లలు పట్టుకుని నీళ్ళు కనిపెట్టేవాళ్ళను నడిపించారు. చేయించినవాళ్ళు కొందరికి ఆ శక్తి ఉందన్నారు. అవే అంకెలు తిరగేసిన ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త ఇది గుడ్డిదెబ్బే అన్నాడు. చదువుకున్నవాళ్ళే తెంచుకోలేదు, మీ మామను ఏమంటారు?

ఇలా అనండి: "సరే మామా, టెంకాయ చూపిన కాడ గుర్తు పెడదాం. మీటరు పెట్టేటాయనను కూడ పిలుస్త, ఆయన ఏడ జూపిస్తడో అది కూడ చూద్దాం. రెండు ఒక్కకాడ పడితే నీదే మాట." మనది గ్రానైటు నేల. నీళ్ళుంటే పైన మెత్తబడిన పొరలో ఉండాలి, లేదా కింద బండ పగుళ్ళలో ఉండాలి. మీటరు కూడా ఆ పగుళ్ళ జాడ మాత్రమే చెబుతుంది, గ్యారంటీ ఇవ్వదు. రెండు గుర్తులు వేరువేరుగా పడితే, అడుగుకింత అని బోరుబండికి కట్టేది ఎవరో వాళ్ళదే చివరి మాట. డబ్బు మామదైతే మీరు కొబ్బరి ముక్క నములుతూ చూడడమే.

భార్యాభర్తల మధ్య?

ఆకలిమీద ఉన్నప్పుడు వద్దు. బండిమీద వెళ్తూ అసలే వద్దు. "మీ ఇంట్లోవాళ్ళు" అన్న మాటతో మొదలైన వాదన ఎవరికీ కలిసొచ్చిన దాఖలా నేను చూడలేదు. ఇంతకుమించి చెప్పే అర్హత నాకు లేదని మా ఇంట్లో అభిప్రాయం.

గొంతు పెంచితే పనవుతుందా?

ఉడకని పప్పుకింద మంట పెంచినట్టు. అడుగంటుతుంది.

తప్పని తెలిసి నోరు మూసుకుని కూర్చోవడం పిరికితనం కాదా?

కొన్ని చోట్ల కచ్చితంగా అవుతుంది. నల్లగొండ జిల్లావాళ్ళకు ఇది పుస్తకంలో చదివి తెలుసుకునే సంగతి కాదు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్ళే తాగి తరాలు గడిచాయి. పళ్ళమీద గార మచ్చలు, వంగిన కాళ్ళు, తిరగని మెడ. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి నల్లగొండ పేరే పెట్టారు. పేరొచ్చింది గానీ ఊళ్ళకు మంచినీళ్ళు రాలేదు.

వినతిపత్రాలిచ్చారు, ధర్నాలు చేశారు, వాదించారు. సరైన వాదనే, రుజువు మనుషుల ఒంటిమీదే ఉంది. అయినా వినలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానంలో 480 మంది బరిలో మిగిలారు. అప్పటి డిపాజిట్ 500 రూపాయలు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దాదాపు అందరికీ డిపాజిట్ పోయింది. గెలవడానికి నిలబడితే కదా! దేశమంతా నల్లగొండ నీళ్ళ గురించి మాట్లాడింది. అదే ఏడాది చట్టం మార్చి డిపాజిట్‌ను 10,000 చేశారు.

నన్నడిగితే ఈ జిల్లాలో జరిగిన అన్ని వాదనల్లోకీ తెలివైనది అదే. ఎదురుగా ఉన్నవాడిని ఒప్పించే ప్రయత్నం మానేసి, వాడు లెక్కపెట్టక తప్పని పని ఒకటి చేశారు. కృష్ణా నీళ్ళు పైపుల్లో ఊళ్ళకు రావడానికి ఆ తర్వాత కూడా ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నీ ఎవరో ఒకరు అరుస్తూనే ఉన్నారు. కాబట్టి హోటల్లో చాయ్ దగ్గర ఊరుకోండి. ఒంటికి హాని జరిగేచోట ఊరుకోకండి.

నాదే తప్పని మధ్యలో తెలిసిపోయింది. ఎలా తగ్గాలి?

"ఆ సంగతి నాకు తెల్వదే" అనండి చాలు. పెద్దగా క్షమాపణలు అక్కర్లేదు. కొందరు అక్కడ కూడా మాట మార్చి "నేనన్నది కూడ అదే కదా" అంటారు. అలా అన్నవాడిని వదిలెయ్యండి, అదే వాడి లొంగుబాటు.

వాదన అయ్యాక చాయ్ డబ్బులు ఎవరివ్వాలి?

మొదలుపెట్టినవాడు. మధ్యలో లేచి వెళ్ళిపోయినవాడుంటే వాడి ఖాతాలో రాయించండి, హోటలాయన రేపు గుర్తుచేస్తాడు. ఎవరు మొదలుపెట్టారన్నదానిమీదే తేడా వస్తే ఇంకో రెండు వన్ బై టూ చెప్పండి. పకోడీలు మాత్రం ఎవరివి వాళ్ళే కట్టుకోవాలి.